రాణిగారి కాలివేళ్లు

రండి, రండి. ఇలా ముందుకి జరగండి. ఆ ఊడిన చక్రం మీద మాత్రం కూర్చోకండి, సాయంత్రానికి బిగించి ఇవ్వాల్సింది. ఓ మూలన గుసగుసలాడుతున్న మీ ఇద్దరూ, మాటలు మడిచి జేబులో పెట్టుకోండి. నా కథ అయ్యాక తీసి మాట్లాడుకోవచ్చు, పాచిపోవు. దగ్గు వచ్చేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి. అయిందా? సరే.

నేను కోతలు కోస్తానని ఈ వీధిలో అంటారు. అనేవాళ్లని అననివ్వండి. సైకిల్ షాపువాణ్ని, గాలి కొట్టడం నా వృత్తి. ఈ కథకి మాత్రం నేను పంపు ముట్టుకోలేదు. ముట్టుకునే అవసరం రాలేదు.

ఆ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, షాపు ముందు నిలబెట్టిన సైకిల్ నీడ కూడా ఎండకి ఓర్చుకోలేక చక్రాల కిందకి దూరేది. టైర్లు రోడ్డుకి అతుక్కుపోతే గునపం పెట్టి పీకి ఇచ్చేవాణ్ని.

"అంత లేదు," అనేవాడు లోపల్నుంచి మా బావ. "స్క్రూడ్రైవరు."

అదీ మా బావ. నోట్లోంచి మాట రావడమే గగనం, వస్తే ఆ రెండు మాటలే. అంత లేదు. నేను ఏం చెప్పినా దానికి సూది గుచ్చి గాలి తీసేయడం ఆయన పని. మిలటరీలో చేసొచ్చిన మనిషి. తుపాకీ పేల్చే మిలటరీ కాదు, తుపాకులు, గుండ్లు, రొట్టెలు, గాయపడ్డవాళ్లు, అన్నీ మోసే కంచరగాడిదల్ని కొండల్లో నడిపే మిలటరీ. బయటికి వచ్చాక నా షాపులోనే ఓ స్టూలు వేసుకుని చక్రాలకి బెండు తీసేవాడు. చక్రం తిప్పుతూ, ఓ కన్ను మూసి చూస్తూ, ఒక్కో పుల్లా బిగిస్తూ గంటలు గంటలు గడిపేసేవాడు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. ఎలా పోయాయని అడిగితే "చలి" అనేవాడు. అంతే. నేను ఆ ఒక్క మాటకి రెక్కలు కట్టి, వీధంతా తిప్పి, మంచు పులి ఒకటి ఆయన వేళ్లు కొరుక్కుని పోతే బావ దాని తోక కొరికాడని చెప్పుకునేవాణ్ని.

షాపు వెనక రెండు గదుల్లో బావ, మా అక్క. పైన రేకుల కింద నా మంచం. మా అక్క గురించి ఒక్క ముక్క చెబితే చాలు. పెళ్లయిన కొత్తలో బావ నిద్రలో "రాణిగారూ, మెల్లిగా... రాణిగారూ, జారుతుంది, చూసుకోండి" అని కలవరించేవాడట. అక్క ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను మాత్రం ఏడాదికోసారి పక్కకి పిలిచి, "ఎవర్రా ఆ మహాతల్లి?" అనేది. నాకేం తెలుసు? తెలియకపోయినా నేను చెప్పేవాణ్నే గానీ, అక్క ముఖం చూసి ఆ ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను.

ఇహ కథలోకి.

ఎండలు ముదిరిన ఓ మధ్యాహ్నం, బావతో కలిసి పనిచేసిన స్నేహితుడు ఒకాయన వచ్చాడు. అక్కడ తంతితీగలు లాగే పని చేసేవాడు. ఆయన పేరు ఎవరూ వాడరు, మీసాలాయన అంటారు. ఆ మీసాల మీద రెండు పిచ్చుకలు గూడు... సరే బావా, లేదు. పెద్ద మీసాలు. అంతే.

మీసాలాయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "ఒరేయ్, రాయి పెడుతున్నార్రా. కొండ మీద పై చౌకీలో కాపలాగా ఆ శీతాకాలం నిలబడ్డవాళ్ల పేర్లన్నీ చెక్కించి, మన దళం గేటు ముందు పెడుతున్నారు. వానలు పడేలోపు ఆవిష్కరణ."

బావ చేతిలో చక్రం ఆగిపోయింది.

"మంచిదే," అన్నాడు.

"ఏం మంచిది? జాబితా గోడకి అంటించారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. నీ పేరు లేదు."

అక్క తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మీసాలాయన చెమట తుడుచుకుని, "అడిగాను చెల్లెమ్మా. రికార్డు తీసి చూపించారు. ఆ శీతాకాలం వీడు పైన ఉన్నాడని ఎక్కడా లేదట. జారి పడ్డాడట. కాలు కుంటిదట. బరువు మొయ్యడట. ఇంకా..." అని నసిగాడు.

"ఇంకా?" అంది అక్క.

"చెబితే కొట్టకూడదు. దగ్గరికెళితే కొరుకుతాడట. తంతాడట. దళానికి పనికిరాడు కాబట్టి వదిలించుకోవాలని రాశారు."

అక్క తలుపు వదిలి ముందుకొచ్చింది. "కొరుకుతాడా? ఈయనా? రొట్టె గట్టిగా ఉంటే టీలో ముంచుకుని తినే మనిషి!"

నేను నవ్వబోయి బావ వంక చూశాను. బావ నవ్వడం లేదు. కోపంగానూ లేడు. చక్రం కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

"వదిలించుకోవాలని రాశారా?" అన్నాడు.

"రాశార్రా."

"ఊఁ," అన్నాడు.

ఆ ఊఁ విన్నాక నాకు నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఇన్నేళ్లూ వేళ్లు పోయాయి కాబట్టి పంపించేశారనుకున్నాడు ఆయన. పనికిరానివాడని, పొగరుబోతని పంపించారని ఎవరూ చెప్పలేదు. పై చౌకీలో బావతో ఉన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు, అందరూ రాయి మీద పేర్లయిపోయారు. మీసాలాయన కిందనే ఉండిపోయాడు, బావని పైన కళ్లారా చూడలేదు. సాక్షి లేడు.

మర్నాడే అక్క, బావ, నేను, ముగ్గురం రికార్డుల ఆఫీసుకి వెళ్లాం.

ఆఫీసంటే పొడుగాటి రేకుల షెడ్డు. పొడుగు బెంచీ, దాని మీద పొడుగు ముఖాలు. పైన ఓ ఫ్యాను, తిరిగేది తక్కువ, మూలిగేది ఎక్కువ. కిటికీ వెనక ఓ గుమస్తా. మేం ఆయన్ని కిటికీ బాబు అని పిలిచేవాళ్లం. కిటికీ లోపల ముఖమే తప్ప కింద కాళ్లున్నాయో లేవో ఎవరూ చూసినవాళ్లు లేరు.

కిటికీ బాబు కంప్యూటర్లో చూసి, బావని పైనుంచి కిందికి చూసి, "పెద్దాయనా, కొంచెం వెనక్కి జరుగుతారా? కొరుకుతారని ఉంది," అన్నాడు.

బెంచీ మొత్తం పగలబడి నవ్వింది. అక్క కిటికీ ఊచలు పట్టుకుని ముందుకి వంగింది. "ఆయన సంగతి నాకు తెలీదు బాబూ, నేను మాత్రం కొరుకుతాను. ఏదీ, చెయ్యి ఇలా పెట్టు."

ఆ గొడవకి లోపల్నుంచి మేడమ్ వచ్చింది. ఆ ఆఫీసుకి పెద్ద ఆవిడే. చిన్న వయసు, పెద్ద కళ్లజోడు. మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోమంది. ఇదే నా సమయం అనుకుని నేను గొంతు సవరించుకున్నాను.

"మేడమ్, మా బావ ఆ శీతాకాలం పై చౌకీలో ఏం చేశాడనుకున్నారు? మంచు తాటిచెట్టెత్తు! శత్రువులు ఇటు, తోడేళ్లు అటు! మా బావ కుడి చంకలో గుండ్లపెట్టె, ఎడమ చంకలో పెద్ద ఆఫీసరు, నోట్లో..."

"అంత లేదు," అన్నాడు బావ.

మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. "ఎంత ఉంది మరి, మీరు చెప్పండి."

"దారి ఉంది. నడిచాం," అన్నాడు బావ.

చెప్పొద్దూ, అక్కడే గోడకి తల బాదుకోవాలనిపించింది. ఆవిడ మెల్లిగానే చెప్పింది. ఏదైనా ఆధారం తెండి, నోటి మాట మీద రికార్డు మార్చలేను. బావ వంగి చెప్పు తీసి ఎడమ పాదం చూపించాడు.

ఆవిడ పాదం చూసింది, తెర చూసింది. "ఇందులో మంచు దెబ్బ గురించి లేదండీ. రికార్డు ప్రకారం మీకు పది వేళ్లూ ఉన్నాయి."

"రికార్డులో పది ఉన్నా చెప్పులో ఎనిమిదే ఉన్నాయమ్మా," అన్నాడు బావ.

ఆవిడ నవ్వాపుకుంది. పాపం, మనసులేని మనిషి కాదు. "వేళ్లు ఎలాగైనా పోవచ్చు కదండీ. సైకిల్ చైనులో పడి కూడా పోతాయి," అని, గ్రీజు మరకలతో ఉన్న నా చొక్కా వంక చూసింది. నేనేదో కోసి తిన్నట్టు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ కిటికీలోంచి చూస్తూ, "వదిలెయ్‌రా," అన్నాడు.

వదిలేశాడు కూడా. స్టూలు మీద కూర్చున్నాడు, చక్రాలు తిప్పాడు. కానీ ఒకటి గమనించాను. ఎవరైనా గిరాకీ వస్తే బావ కాస్త దూరంగా జరిగి కూర్చునేవాడు. కొరుకుతాడేమోనని ఎవరైనా అనుకుంటారని, పిచ్చి మారాజు. వీధిలో కొందరు మాట పట్టుకున్నారు లెండి. పాలు పోసే ఆవిడ నవ్వుతూనే అడిగేది, "మీ ఆయన్ని కట్టేశావా అక్కా?" అని. మీసాలాయన రెండుసార్లు కబురు పెట్టాడు. రాయి సగం చెక్కేశారు, ముప్పాతిక చెక్కేశారు.

ఎండలు ఇంకా మండుతూనే ఉన్నాయి. గిరాకీ లేని ఓ మధ్యాహ్నం, షాపు గుమ్మంలో ముగ్గురం కూర్చున్నాం. నేను ట్యూబుకి ప్యాచీ వేస్తున్నాను. అక్క ఒళ్లో చేట పెట్టుకుని బఠాణీలు వలుస్తోంది. వలుస్తూ వలుస్తూ, తల ఎత్తకుండానే, "ఆ చలికాలం ఏం జరిగిందో చెప్పండి," అంది.

"ఏముంది," అన్నాడు బావ.

"ఏమీ లేకపోతే తొందరగా అయిపోతుంది. చెప్పండి."

నేను నోరు తెరిచాను. అక్క ఓ బఠాణీ తీసి గురిచూసి నా నోటి మీదకి విసిరింది. మూసుకున్నాను.

బావ చక్రం తిప్పుతూ చెప్పాడు. దానికి నేను గాలి కొట్టడం లేదు, విన్నది విన్నట్టు చెబుతున్నా. పై చౌకీకి ఒకే దారి. మంచు పడితే దారి కనపడదు. మనుషులు వెళితే లోయలో పడతారు. కంచరగాడిదలకి మాత్రం కింద ఏముందో కాలికి తెలుస్తుంది. మొదట్లో చాలా ఉండేవి, చలికి ఒక్కోటి పోయి చివరికి ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదాని తోక పట్టుకుని బావ పైకి రొట్టె, గుండ్లు తీసుకెళ్లేవాడు, కిందికి గాయపడ్డవాళ్లని దించేవాడు.

"మహా పొగరుది," అన్నాడు బావ. నవ్వుతున్నాడు! "ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. పెద్ద డాక్టరు భుజం కొరికింది. మర్యాద ఇవ్వకపోతే అడుగు కదిపేది కాదు. గారు అనాలి. రాణిగారూ, దయచెయ్యండి అంటేనే బయల్దేరేది."

బఠాణీలు వలిచే చప్పుడు ఆగింది.

"ఎవరు?" అంది అక్క.

"రాణిగారు."

"రాణిగారు," అంది అక్క. "గాడిదా?"

"కంచరగాడిద," అన్నాడు బావ.

అక్క చేట పక్కన పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని బావ కంగారుపడి చక్రం వదిలేశాడు, అది దొర్లుకుంటూ రోడ్డెక్కింది. ఏడుపు కాదండీ, నవ్వు. ఇన్నేళ్ల నవ్వు ఒక్కసారే వచ్చింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, "అయితే ఏమయింది ఆవిడగారికి?" అంది.

"శీతాకాలం చివర్లో జారింది. కాలు కుంటిదయింది. దాని మీది బరువు నేను ఎత్తుకుని, దాన్ని ముందు నడవనిచ్చా. అది దారి చూపేది, నేను మోసేవాణ్ని. అప్పుడే వేళ్లు పోయాయి. నన్ను ఆస్పత్రికి పంపారు. నేను తిరిగొచ్చేసరికి కుంటిదని, బరువుకి పనికిరాదని, దాన్ని వదిలించు..."

బావ ఆగిపోయాడు.

"ఏ కాలు?" అంది అక్క.

"కుడిది. వెనక కుడి కాలు."

"కొరికేది."

"అందర్నీ."

"తన్నేది."

బావ తల ఊపాడు.

అక్క లేచింది. చేటలో బఠాణీలు చేటలోనే వదిలేసి, గోడకి ఉన్న గొడుగు తీసుకుంది. "తమ్ముడూ," అంది, "షాపు మూసెయ్."

రికార్డుల ఆఫీసులో అక్క ఎవరినీ అడక్కుండా నేరుగా మేడమ్ గదిలోకి వెళ్లింది. "అమ్మాయ్, మా ఆయన రికార్డు మా ఆయనది కాదు. రాణిగారిది."

"రాణిగారెవరండీ?"

"నాకన్నా ముందు ఈయనతో కాపురం చేసినావిడ."

కిటికీ బాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కాళ్లున్నాయని ఆవేళ తెలిసింది.

మొత్తం విన్నాక మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మనిషి కాగితం జంతువుకి, జంతువు కాగితం మనిషికి ఎలా మారతాయండీ?"

దానికి బావ దగ్గర జవాబు ఉంది. కంచరగాడిదలకి గిట్ట మీద నంబరు కాల్చి వేస్తారట. రాణిగారి గిట్ట మీద నంబరు, బావ నంబరు చివరి అంకెలు ఒకటే. అందుకే దాన్ని ఈయనకి అప్పజెప్పారు, గుర్తుంటుందని. మంచు కరిగి కిందికి దిగేటప్పుడు దళం పెట్టెలు ఏట్లో పడ్డాయి. తడిసిన కాగితాలన్నీ గుర్రాల తాళ్లకి బట్టల్లా ఆరేసి, చెరిగిపోగా మిగిలిన చివరి అంకెలు చూసి మళ్లీ కట్టలు కట్టారు.

"అయితే మీ అసలు కాగితం..."

"రాణిగారి కట్టలో ఉండాలమ్మా."

"జంతువుల కాగితాలు కూడా దాస్తారా?" అన్నాను నేను.

"మా ఆఫీసులో ఏదీ పారెయ్యరండీ," అంది మేడమ్. "ఏదీ దొరకదు కూడా."

వెనక గోదాము ఉంది. అందులో జంతువుల కట్టలు ఏ మూలనో ఎవరికీ తెలీదు. వెతికిస్తాను, కబురు చేస్తాను అంది. అక్క కబురు కోసం ఇంటి దగ్గర కూర్చునే రకం కాదు. రోజూ పొద్దున్నే గొడుగు, చేట, బఠాణీలు పట్టుకుని ఆఫీసు బెంచీ మీద తేలేది. కిటికీ ఎదురుగా కూర్చుని, వలుస్తూ, కిటికీ బాబు వంక చూస్తూ ఉండేది. ఒక్క మాట అనేది కాదు. వలవడం, చూడటం. పక్కన కూర్చున్నవాళ్లకి ఈ కథ చెప్పేది. వాళ్లు వెళ్లి ఊళ్లో చెప్పారు. వారం తిరిగేసరికి పని లేనివాళ్లు కూడా వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు, "ఇవాళ రాణిగారు దొరికారా?" అంటూ. కిటికీ బాబుకి అన్నం సహించలేదని విన్నాను. నిద్రలో గాడిద అరుపులు... లేదు, అది నేను కలిపింది.

మీసాలాయన చివరి కబురు పంపాడు. రాయి మీద ఆఖరి వరస మొదలెట్టారట.

ఆ మర్నాడు బావ, నేను కూడా వెళ్లాం. వెళ్లేసరికి కిటికీలో ముఖం లేదు. బెంచీ మీద జనం, అక్క, చేట. కాసేపటికి గోదాము తలుపు దబ్బున తెరుచుకుంది. లోపల్నుంచి దుమ్ములో పొర్లినట్టు, జుట్టు నుంచి బూట్ల దాకా బూడిద రంగులో ఓ ఆకారం వచ్చింది. దెయ్యమనుకుని ఒకావిడ కేక పెట్టింది. కిటికీ బాబు! చేతిలో తాడు కట్టిన కట్ట. తుమ్ముతున్నాడు, నవ్వుతున్నాడు, మళ్లీ తుమ్ముతున్నాడు.

"మేడమ్! దొరికింది! ఇది చూడండి మేడమ్!"

మేడమ్ బయటికి పరిగెత్తుకొచ్చింది. కిటికీ బాబు ఆగలేక అక్కడే నిలబడి గట్టిగా చదివాడు. "'కంచరగాడిద. ఆడది. రంగు నలుపు.' ఇదీ అట్ట. ఇక లోపల కాగితాలు. 'తల్లికి జబ్బు చేసిందని సెలవు అడిగినాడు. మంజూరు చేయడమైనది.'"

బెంచీ మీద ఎవరో కిచకిచమన్నారు.

"'సిగరెట్టు అలవాటు లేదు. చేతిరాత గుండ్రంగా ఉంటుంది.'"

జనం కడుపులు పట్టుకున్నారు. నేనైతే గోడ పట్టుకున్నాను. కిటికీ బాబు కాగితం తిప్పాడు. అక్కడ నవ్వు తగ్గింది. "'మంచు దెబ్బకి ఎడమ పాదం రెండు వేళ్లు తీసివేయబడ్డాయి.'"

మేడమ్ కాగితం అందుకుంది. రెండుసార్లు చూసింది. బావ పాదం వంక చూసింది.

"గాడిదకి గిట్టే కదా ఉండేది," అంది మెల్లిగా. "వేళ్లు ఎక్కడివి?"

ఇహ మిగతాది మేడమే చదివింది. "'శీతాకాలం అంతా పై చౌకీలో సేవ. దారి మూసుకుపోయిన తర్వాత కూడా ఒక్క రోజు ఆగకుండా రొట్టె, గుండ్లు చేరవేత. గాయపడినవారిని కిందికి తరలింపు. తన జంతువు కుంటినప్పుడు దాని మీది బరువు కూడా తన వీపున మోత. ఇతడు లేకపోతే చౌకీ నిలిచేది కాదు. పతకానికి సిఫారసు.' కింద ఇంకెవరో వేరే సిరాతో రాశారు. 'జంతువులకు పతకాలు ఇవ్వబడవు.'"

అందరూ బావ వంక చూస్తున్నారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని చెప్పు వంక చూస్తూ అన్నాడు.

"అంత లే..."

"నోరు మూసుకోండి," అంది అక్క. "అంతా ఉంది."

మేడమ్ అలాగే నిలబడి ఉంది. కిటికీ బాబు బట్టల దుమ్ము దులుపుకుని సరిగ్గా నిలబడ్డాడు. బెంచీ మీదివాళ్లు ఒక్కొక్కరే లేచారు. బావ ఏం చెయ్యాలో తెలియక, అందరూ నిలబడ్డారు కాబట్టి తనూ నిటారుగా నిలబడ్డాడు.

బావ పేరు మీద ఉన్న పాత కట్ట కూడా తీశారు. అసలు కాగితంలో 'కుడి వెనక కాలు' అనే ఉంది. ఎవరో తప్పులు దిద్దే పిచ్చి ఉన్న గుమస్తా, మనిషికి వెనక కాలేమిటని, వెనక అన్న మాట గీటు పెట్టి కొట్టేశాడు. కొరకడం మాత్రం ఉంచాడు. మనిషి కొరకొచ్చు అనుకున్నాడు కాబోలు.

ఆవేళే కాగితాలు మారాయి. మేడమ్ స్వయంగా స్టాంపు వేసింది. ఆ స్టాంపు చప్పుడుకి రేకుల మీద కాకులన్నీ లేచిపోయాయి. బావని అడగండి, ఇది అంత ఉంది. రాయి దగ్గరికి ఫోను చేసింది. అవతల చెక్కేవాడు ఏమన్నాడంటే, "చోటు బోలెడుంది మేడమ్, రాయి పెద్దది. పేరివ్వండి చాలు."

బావ ఫోను తనకిమ్మని చెయ్యి చాపాడు. ఆయన జీవితంలో తనంతట తను అడిగింది అదొక్కటే. "బాబూ, పేరు పక్కన ఓ చిన్న గిట్ట చెక్కడానికి వీలవుతుందా?"

దానికి పైవాళ్ల అనుమతి కావాలట. మేడమ్ రెండు కట్టలూ చంకన పెట్టుకుని దళం పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన మొత్తం చదివి, నవ్వి, నవ్వు ఆపుకుని అన్నాడట. "ఆ శీతాకాలం పైన ఉన్నవాళ్లందరినీ చెక్కమన్నాను కదా. ఆవిడ పైన ఉందా, లేదా?"

ఆవిష్కరణ రోజున ఆకాశం నల్లగా దిగి వచ్చింది. వాన ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుంది. జనం అంతా గొడుగులు పట్టుకుని గేటు ముందు. బెంచీ మీద వాళ్లంతా వచ్చారు. పాలు పోసే ఆవిడ వచ్చింది. కిటికీ బాబు తలకి నూనె రాసుకుని వచ్చాడు. మీసాలాయన మీసాలు దువ్వుకుని బావ పక్కనే నిలబడ్డాడు. పేర్లు చదువుతున్నారు. బావతో పైన ఉండి, తిరిగి రానివాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా. ప్రతి పేరుకీ బావ పెదవులు కదులుతున్నాయి.

ఆఖరున బావ పేరు చదివారు. మామూలుగా, మిగతా పేర్లు చదివినట్టే. బావ సెల్యూట్ కొట్టాడు. ఆ చెయ్యి నుదురు దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను, ఆయన బెండు తీసిన చక్రాలన్నింటికన్నా తిన్నగా ఉన్నాడు. మీసాలాయన మీసాల్లోంచి నీళ్లు కారుతున్నాయి. వాన ఇంకా మొదలవలేదు.

జనం సద్దుమణిగాక అక్క రాయి దగ్గరికి వెళ్లింది. బావ పేరు పక్కన చిన్న గిట్ట. అరచేతిలో పట్టేంత, ముచ్చటగా చెక్కారు. అక్క ఆ గాడిలో వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"రాణిగారూ," అంది. "బాగా మోశారు. ఇహ నేను చూసుకుంటాను లెండి."

బావ విన్నాడు. విననట్టు గొడుగు తెరిచి అక్క మీద పట్టాడు. మొదటి చినుకు రాయి మీద పడింది.

నేనిహ ఆ కన్నీళ్లని, వానని, గొడుగుని కలిపి ఓ మంచి ముగింపు అల్లుకుంటున్నాను, మీకు చెబుదామని. ఇంతలో వెనక నుంచి ఎవరో పెద్దమనిషి, తెలియని ముఖం, తువ్వాలు నెత్తిన కప్పుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. రాయి మీద బావ పేరు చదివాడు. పక్కన గిట్ట చూశాడు. ఇంకోసారి పేరు చూశాడు. చూసి నా భుజం మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఈ గిట్ట గుర్తు కొత్త పార్టీనా అండీ? మా ఇంట్లో ఆరు ఓట్లున్నాయి, ముందే చెబుతున్నా, ఓటు అడగడానికి దగ్గరికొస్తే మా అత్తగారు మాత్రం కొరుకుతుంది."